ఎడమపక్క ఖాళీ

హోసూరులో అనంతకుమార్ ఫోటో స్టూడియోకు మంగళవారం సెలవు. అయినా ఆ మంగళవారం అతను పొద్దున ఆరింటికే లేచాడు. స్నానం చేసి, కెమెరా, మూడుకాళ్ళ స్టాండు, ఒక రోలు స్లైడు ఫిల్ము, వేలిముద్రలకు ఒక స్టాంపు ప్యాడు, నాలుగు కాగితాలు సంచిలో సర్దుకున్నాడు. పని చిన్నదే. బేరిగైకి పోవాలి. భార్య సుధామణి చిన్నాయన నంజప్పనూ, ఆయన భార్య కెంచమ్మనూ వాళ్ళ ఇంటి ముందర నిలబెట్టి ఫోటో తీయాలి. కాగితం మీద వేలిముద్రలు వేయించుకోవాలి. మధ్యాహ్నానికి తిరిగి వచ్చేయాలి.

"అన్నం వేళకు వచ్చేస్తాను" అన్నాడు భార్యతో.

"మా చిన్నాయన ఇంటికి పోయి తినకుండా వచ్చేదుందా? నేను ఒక్కదానికే వండుకుంటాను" అన్నది సుధామణి. "అదిసరే, ఫోటోలో ఎడమపక్క ఖాళీగా ఉండల్లని రాత్రంతా కలవరించినారే, ఖాళీని కూడా కొనేవాళ్ళు ఉండారా?"

"ఉండారంట. ఖాళీ లేకుంటేనే కొనరంట."

సుధామణి వంటింట్లోకి పోయింది. పదహారేళ్ళుగా ఫోటోలు తీసే మనిషితో కాపురం చేస్తున్నది. కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవడం కంటే వదిలేయడమే సుఖమని ఆమెకు తెలుసు.

ఈ పదహారేళ్ళలో అనంతకుమార్ తీయని ఫోటో లేదు. పెళ్ళిళ్ళు, చెవులు కుట్టే వేడుకలు, పాస్‌పోర్టు సైజులు, ఫ్యాక్టరీ గుర్తింపు కార్డులు. అన్నీ అమ్ముడుపోయినవే. కానీ కొన్నవాళ్ళందరూ ఆ ఫోటోల్లో ఉన్నవాళ్ళే. ఫోటోలో తన మొహంగానీ తనవాళ్ళ మొహంగానీ లేని మనిషి ఒక్కడంటే ఒక్కడు, ఊరూపేరూ తెలియనివాడు, "ఇది నాకు కావాలి" అని తన ఫోటో ఒకటి కొనాలని అతని కోరిక. ఎవరికీ చెప్పుకోలేదుగానీ చాలా పాత కోరిక.

అందుకే బెంగుళూరులో త్రివేణి పిక్చర్ లైబ్రరీ అని ఒకటి ఉందనీ, అక్కడ ఫోటోగ్రాఫర్ల దగ్గర ఫోటోలు తీసుకుని కంపెనీలకూ పత్రికలకూ అమ్మిపెడతారనీ తెలిసిన రోజు అతనికి అన్నం సయించలేదు. అరవై స్లైడులు ఏరి పంపాడు. మంచు బిందువులున్న హోసూరు గులాబీలు, కృష్ణగిరి డ్యాము మీద సూర్యాస్తమయం, పూత పట్టిన మామిడితోట, కొండ మీద పొగమంచు. నెల తిరిగేలోపు అరవైకి అరవై తిరిగి వచ్చాయి. వాటి వెనకనే అక్కడ పనిచేసే సాయిప్రియ ఫోను చేసింది.

"సార్, ఫోటోలు చాలా బాగున్నాయి. కానీ గులాబీలు మా దగ్గర ఇప్పటికే రెండు బీరువాల నిండా ఉన్నాయి."

"అయితే ఏం కావల్ల మేడమ్?"

"మీకు బాగుందనిపించింది కాదు సార్, కొనేవాళ్ళకు పనికొచ్చేది కావాలి. సబ్బు కంపెనీవాళ్ళు సూర్యాస్తమయం ఏం చేసుకుంటారు? వాళ్ళకు కడిగిన చేతులు కావాలి."

అనంతకుమార్‌కు మూడు రోజులు కోపంగా ఉంది. నాలుగో రోజు కడిగిన చేతుల సంగతి నిజమే కదా అనిపించింది. ఐదో రోజు తనే ఫోను చేసి, ఇప్పుడు ఎవరికి ఏం కావాలో రాసి పంపమన్నాడు. ఆ ఉత్తరమే ఇప్పుడు అతని సంచిలో ఉంది. ఒక సెల్‌ఫోను కంపెనీవాళ్ళకు పల్లెటూరి పెద్దవయసు దంపతులు కావాలి. మొగాయన చేతిలో ఫోను ఉండాలి, ఇద్దరి మొహాల్లో సంతోషం ఉండాలి. ఫోటోలో ఎడమపక్క ఏమీ ఉండకూడదు. అక్కడ కంపెనీవాళ్ళు తమ మాటలు అచ్చు వేసుకుంటారు. ఫోటోలో ఉన్నవాళ్ళు సమ్మతి కాగితం మీద సంతకం పెట్టాలి.

అనంతకుమార్ బేరిగై చేరేసరికి ఎనిమిదిన్నర. నంజప్ప తెల్ల చొక్కా తొడుక్కుని, వాచీ పెట్టుకుని, వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆయనకు పది మేకలు, రెండు ఆవులు, ఎకరం రాగి చేను. అల్లుడు ఫోటో తీస్తానన్నాడని మేకలను పొద్దున్నే వేరేవాళ్ళ వెంట తోలించేశాడు. కెంచమ్మ పెట్టెలోని పట్టుచీర కట్టుకుని, స్తంభంలా నిటారుగా ఉంది.

ముందు కాగితాల పని ముగించాడు అనంతకుమార్. ఇద్దరి వేలిముద్రలూ పడ్డాయి. స్టాంపు ప్యాడును వాకిట్లోని బట్టలుతికే బండ మీద పెట్టి, నంజప్ప చేతికి తన సెల్‌ఫోను ఇచ్చాడు.

"చెవి దగ్గర పెట్టుకో మామా. అత్తా, నువ్వు నవ్వల్ల."

"నవ్వుతానే ఉండాను కదప్పా."

"ఫోటోలో కనపడేట్టు నవ్వల్ల."

"ఊరికే ఎట్ల నవ్వేది? పిచ్చిదాని మాదిరి" అన్నది కెంచమ్మ. ఆమె మొహం పోలీసు స్టేషనులో సాక్ష్యం చెప్పబోతున్నట్టుగానే ఉంది.

సరే, నవ్వు సంగతి తరువాత చూద్దామని కెమెరాలో కన్ను పెట్టాడు. ఎడమపక్కంతా నిండుగా ఉంది. పక్కింటి తిమ్మమ్మ గడ్డిమోపు, ఆమె మంచం, మంచం మీద ఎండుతున్న మిరపకాయలు, ఆ కిందనే కోళ్ళు. తిమ్మమ్మ కూడా అక్కడే ఉంది, ఈ మనిషి ఏం చేస్తున్నాడా అని చూస్తూ.

"తిమ్మమ్మక్కా, ఈ ఎడమపక్కంతా కొంచెం ఖాళీ చెయ్యల్ల" అన్నాడు అనంతకుమార్ మర్యాదగా.

"ఎంతవరకప్పా?"

"ఆ వేపచెట్టు దాకా."

"వేపచెట్టు దాకానా? మళ్ళా ఎప్పుడు పెట్టుకునేది?"

ఫోటోలు బాగా రాకపోతే ఇంకోసారి రావలసి ఉంటుంది. అది మనసులో పెట్టుకుని అతను నిజాయితీగా జవాబు చెప్పాడు. "అది బెంగుళూరువాళ్ళు చూసి చెప్పల్లక్కా. నా చేతిలో లేదు."

తిమ్మమ్మ మిరపకాయలు ఎత్తుకుంది. గడ్డిమోపూ మంచమూ లోపలికి పోయాయి. కోళ్ళు మాత్రం మాట వినలేదు. వాటితోపాటు దారినపోయేవాళ్ళు కూడా అటుగా నడుస్తున్నారు. అనంతకుమార్ కెంచమ్మ దగ్గర డబ్బాడు ముగ్గుపిండి అడిగి తీసుకుని, కెమెరా స్టాండు దగ్గర్నుంచి వేపచెట్టు దాకా తెల్లగా ఒక గీత గీశాడు. "ఈ గీత దాటి ఎవరూ రాకూడదు" అని అందరికీ వినబడేలా చెప్పి, మళ్ళీ కెమెరాలో కన్ను పెట్టాడు.

తిమ్మమ్మ తన గుమ్మంలో నిలబడి చూసింది. మూడుకాళ్ళ స్టాండు. దాని మీద ఒంటికన్ను పెట్టి చూసే మనిషి. నేల మీద తెల్లగీత. అల్లుడు హోసూరులో ఏదో ఆఫీసు పెట్టుకున్నాడని కెంచమ్మ చెప్పగా వింది. పోయిన ఏడాది రోడ్డు వెడల్పు చేసేటప్పుడు వచ్చినవాళ్ళు కూడా అచ్చం ఇట్లాగే వచ్చారు, ఇట్లాగే చూశారు, ఇట్లాగే గీశారు. ఆ తరువాత మూడిళ్ళ అరుగులు పోయాయి. పైగా పాపం నంజప్ప, ఏ కాగితమో చదవకుండానే వేలిముద్ర కూడా వేసేశాడు.

మిరపకాయల చేట చంకన పెట్టుకుని ఆమె వీధిలోకి నడిచింది.

వాకిట్లో అనంతకుమార్ ముప్పయ్యైదు ఫోటోలు తీసేసరికి గంట పట్టింది. ముప్పయ్యైదింటిలోనూ కెంచమ్మ సాక్షి మాదిరే ఉంది. రోలులో ఇంకొక్కటే మిగిలింది. ఎట్లా నవ్వించాలా అని తల పైకెత్తి చూస్తే, చుట్టూ యాభైమంది ఉన్నారు. ముందు వరసలో ఆడవాళ్ళు నేల మీద కూర్చుని ఉన్నారు. ఒక్కరూ తెల్లగీత లోపల అడుగు పెట్టలేదు. ఆ గీత దాటితే కేసు అవుతుందని ఎవరో అన్నారట.

"మేము యాడికీ పోము" అన్నది తిమ్మమ్మ. "మా అత్త కట్టిన ఇల్లు. చంపినా పోము."

"ఎవరు పొమ్మన్నారు అక్కా?" అనంతకుమార్ తెల్లబోయాడు.

"నువ్వే కదప్పా ఖాళీ చెయ్యమంటివి! వేపచెట్టు దాకా!"

జనాన్ని తోసుకుంటూ రాజప్ప ముందుకు వచ్చాడు. అతని ఇల్లు వీధికి కుడిపక్క. ఆ వరసవాళ్ళు ఓ పదిమంది అతని వెనక ఉన్నారు. వాళ్ళ కోపం వేరు. "ఎడమపక్కోళ్ళకు బర్గూరు పక్కన కొత్త ఇండ్లు కట్టిస్తారంటనే? కుడిపక్కోళ్ళం మేమేం పాపం చేసినాము? మా దగ్గర కూడా వేలిముద్ర తీసుకో. ఇదో, పట్టుకో" అని బొటనవేలు చాచాడు.

"అయ్యో, నేను ఫోటో తీసేదానికి వచ్చినానప్పా!"

"ఎవరి ఫోటో?"

"మా మామది, అత్తది."

"మరి మా జాగా ఖాళీ చెయ్యడం ఏంటికి?" అన్నది తిమ్మమ్మ.

"ఖాళీగా ఉంటేనే అమ్ముడుపోతుందక్కా!"

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అది ఎట్లా వినబడుతుందో అతనికి తెలియలేదు. యాభైమందీ ఒకేసారి మాట్లాడారు.

ఆ గోలలో శ్రీరంగయ్య వచ్చాడు. ఆయనకు వీధి మొదట్లో పచారీ కొట్టు. ఊళ్ళో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా ఆయనే చదివి చెప్పాలి. ఆయన చెయ్యెత్తగానే గోల తగ్గింది. అనంతకుమార్‌కు ప్రాణం లేచి వచ్చింది. సంచిలోంచి ఉత్తరం తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"అన్నా, నా మాట నమ్మొద్దు. ఇది చదివి చెప్పండి. అంతా ఇందులోనే ఉండాది."

శ్రీరంగయ్య కళ్ళజోడు సర్దుకుని, ముందు లోలోపల చదువుకుని, తరువాత గొంతు సవరించుకున్నాడు.

"కొనేవాళ్ళకు ఎడమపక్క ఖాళీ జాగా ముఖ్యం" అన్నాడు బిగ్గరగా. "ఆడ వాళ్ళు వాళ్ళది పెట్టుకుంటారు. ఉన్నవాళ్ళ అందరి సంతకాలూ ఖచ్చితంగా తీసుకోవల్ల. లేకుంటే తర్వాత కోర్టు తంటాలు వస్తాయి."

తిమ్మమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. అనంతకుమార్ ఉత్తరం మీదికి వంగి చూశాడు. చదివిన ఆ చివరి వాక్యాల్లో ఒక్క అక్షరం కూడా శ్రీరంగయ్య తప్పు చదవలేదు.

"పైన ఎవరు రాసినారో చదవండన్నా, పైన!" అన్నాడు నీరసంగా.

"త్రివేణి పిక్చర్ లైబ్రరీ" అని చదివాడు శ్రీరంగయ్య. చదివి, ఆగి, కళ్ళజోడు తీశాడు. "పిక్చర్... పిక్చర్ అంటే సినిమా కదప్పా?"

ఆ మాట వెనక వరస దాకా పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. మన ఊరికి సినిమా టాకీసు వస్తుందంట! అప్పటిదాకా కదలమని కూర్చున్న ఆడవాళ్ళలో సగంమంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సినిమా చూడాలంటే హోసూరుకు పోయి, ఆఖరి బస్సు కోసం క్లైమాక్సుకు ముందే లేచి రావలసిన ఊరు అది.

"టాకీసుకైతే ఇయ్యొచ్చు గదా, తిమ్మమ్మా" అన్నది ఒకామె మెల్లగా.

"నీ ఇల్లు ఇయ్యి!" అన్నది తిమ్మమ్మ.

"ఇస్తామనే కదా చెప్తా ఉండాము! కుడిపక్కన కట్టమనండి!" అన్నాడు రాజప్ప.

సరిగ్గా అప్పుడే నంజప్ప చేతిలోని ఫోను మోగింది.

పొద్దుటినుంచీ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడుగానీ అది మోగుతుందని ఆయన అనుకోలేదు. ఉలిక్కిపడి దాదాపు కింద పడేయబోయాడు. అనంతకుమార్ స్టాండు పక్కన, జనం మధ్య ఇరుక్కుని ఉన్నాడు. "పచ్చది నొక్కు మామా! పచ్చది!" అని అరిచాడు.

నంజప్ప పచ్చది నొక్కాడు. ఆ వాకిట్లో సిగ్నలు అంతంతమాత్రం, చుట్టూ సంత మాదిరి గోల. ఒక చెవికి ఫోను ఆనించి, రెండో చెవిని అరచేత్తో మూసుకుని, హోసూరు దాకా వినబడేలా అరిచాడు.

"ఎవురూ? సాయిప్రియమ్మనా? ఆ, ఈడనే ఉండాడు! ఊరంతా చుట్టుకోని ఉండాది! అమ్మా, నువ్వే చెప్పు, మీకు ఎంత ఖాళీ కావల్ల?"

నంజప్ప విన్నాడు. తల ఊపాడు. జనం వైపు తిరిగి చెప్పాడు.

"మూడో వంతంట!"

"ఊర్లో మూడో వంతా!" అంటూ తిమ్మమ్మ పక్కనున్న బట్టలుతికే బండ మీద దబ్బున కూలబడింది. మరుక్షణమే ఏదో తడి తగిలి లేచింది. స్టాంపు ప్యాడు మూత తీసే ఉంది. ఆమె తెల్లచీర వెనక అరచేయంత ఊదారంగు మరక పడింది.

కెంచమ్మ ఆ మరకను చూసింది. "ఇల్లు ఇయ్యనంటివి కదక్కా, ఇదేం ముద్ర?" అన్నది. అనేసి, నవ్వింది. పట్టుచీర కొంగు జారిపోయేలా, మొగుడి భుజం పట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వింది. పక్కన నంజప్ప ఇంకా చెవి మూసుకుని ఫోనులో అరుస్తూనే ఉన్నాడు. తెల్లగీతకు లోపల, వేపచెట్టు దాకా, కోడిపిల్ల కూడా లేదు.

తన్నులు తినబోయే మనిషి కూడా అలవాటును మానుకోలేడు. అనంతకుమార్ చెయ్యి దానంతట అదే పోయి బటను నొక్కింది. రోలు అయిపోయింది.

ఫోను శ్రీరంగయ్య చేతికి పోయింది. ఆయన చాలాసేపు విన్నాడు. "ఆ... ఆ... కాగితంలోనా... ఓహో... అచ్చు వేసేదానికా..." అని, ఫోను తిరిగిచ్చేసి, గొంతు సవరించుకున్నాడు. "ఖాళీ ఊర్లో కాదంటప్పా. ఫోటోలో అంట."

"అయితే ఇల్లు పోదా?" అన్నది తిమ్మమ్మ.

"పోదు."

"టాకీసు?" అన్నారు వెనకనుంచి.

"అదీ లేదు."

"కుడిపక్కన కూడానా?" అన్నాడు రాజప్ప, ఆశ చావక.

ఊరు తప్పించుకున్నందుకు సంతోషించాలో టాకీసు పోయినందుకు బాధపడాలో తెలియక జనం కాసేపు అట్లాగే నిలబడ్డారు. తరువాత, ఇంతమందిని పనులు మానిపించినందుకు ఇంకో మంగళవారం వచ్చి అందరికీ ఇంటింటి ముందర ఫోటో తీయాలని తీర్పు చెప్పారు. అనంతకుమార్ ఒప్పుకున్నాడు. తిమ్మమ్మకు కొత్త చీర కూడా ఒప్పుకున్నాడు. ఆ తీర్పు చెప్పినవాళ్ళే అతన్ని కూర్చోబెట్టి రాగిముద్ద, అవరేకాయ పులుసు తినిపించారు. ముద్ద వడ్డించింది తిమ్మమ్మే. ఇంకోటి వేసుకోమని మూడుసార్లు బలవంతం చేసింది.

స్లైడులు బెంగుళూరు చేరాక సాయిప్రియ ఫోను చేసింది. "సార్, ముప్పయ్యైదు ఫోటోల్లో పెద్దాయన ఫోను తలకిందులుగా పట్టుకున్నారు."

అనంతకుమార్ కళ్ళు మూసుకున్నాడు. కెంచమ్మ నవ్వు కోసం వెతుకుతూ అతను ఆ సంగతే చూడలేదు. "ఆఖరిది, మేడమ్?"

"ఆఖరిది చూసి ఆఫీసులో అందరమూ నవ్వాము సార్. కంపెనీవాళ్ళకూ నచ్చింది. కానీ వద్దన్నారు. పెద్దాయన అట్లా అరుస్తుంటే తమ లైను బాగాలేదని జనం అనుకుంటారట."

ఆ సాయంత్రం అనంతకుమార్ గులాబీల స్లైడులు తీసి ఒకసారి చూసుకుని, మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు. తరువాతి మంగళవారం మాట ప్రకారం బేరిగైకి పోయి ఊరందరి ఫోటోలూ తీశాడు. అవి ఎప్పటిలాగే ఫోటోల్లో ఉన్నవాళ్ళ ఇండ్లకే చేరాయి.

నాలుగు నెలల తరువాత సాయిప్రియ మళ్ళీ ఫోను చేసింది.

"సార్, మీ ఆఖరి ఫోటో అమ్ముడుపోయింది. చెవి మిషన్ల కంపెనీవాళ్ళు తీసుకున్నారు. ఒక చెవి మూసుకుని అరిచే పెద్దాయన, పక్కన చిరాకు పడకుండా నవ్వే భార్య, మాటలకు కావలసినంత ఖాళీ. సరిగ్గా ఇదే వెతుకుతున్నారట. చెవుడున్నట్టు చూపించే ప్రకటన కాబట్టి సమ్మతి మళ్ళీ అడగాలని, కాగితంలో రాసిన శ్రీరంగయ్యగారి కొట్టు నంబరుకు ఫోను చేసి పెద్దాయనను అడిగాను. సంతోషంగా సరేనన్నారు."

అనంతకుమార్ వెంటనే శ్రీరంగయ్య కొట్టుకు ఫోను చేసి నంజప్పను పిలిపించాడు. "మామా, సరే అన్నావంట. ఎందుకని చెప్పినారో విన్నావా?"

"లైనులో గరగరమని శబ్దమప్పా. మిషను అని విన్నాను. నీళ్ళ మోటారు మిషను అనుకున్నాను. మంచిదేగదా, సరేమ్మా అంటిని." అది చెవుడుకు చెవిలో పెట్టుకునే మిషనని తెలిశాక నంజప్ప ఇంకొకటి అడిగాడు. "చెవిదైతే ఏమిలే. మీ అత్త నవ్వు బాగా వచ్చిందా?"

"చాలా బాగా వచ్చింది మామా."

"అట్లయితే ఉండనీ."

ఆ పోస్టరును మొదటిసారి కృష్ణగిరి బస్టాండులో చూశారు అనంతకుమార్, సుధామణి. నిలువెత్తున ఉంది. ఎడమపక్క ఖాళీలో పెద్ద అక్షరాలతో తమిళంలో రాసి ఉంది: "మీ ఇంట్లోవాళ్ళు అరవాల్సిన పనిలేదు." సేలం బస్సు కోసం నిలబడ్డ ఎవరో ముసలాయన, చేతిలో సంచి దించి, ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. జేబులోంచి కాగితం తీసి, పోస్టరు మీది చిరునామా రాసుకున్నాడు. బస్సు ఎక్కేముందు ఇంకోసారి తిరిగి చూసి, తనలో తను నవ్వుకున్నాడు.

అనంతకుమార్ బస్సు వెళ్ళేదాకా అక్కడే నిలబడ్డాడు. "ఆయన ఎవురు? మీకు తెలుసా?" అని అడిగింది సుధామణి. "తెలీదు" అన్నాడు అనంతకుమార్. పెళ్ళయినప్పటినుంచి ఆ మాటను అంత సంతోషంగా అతను చెప్పగా ఆమె వినలేదు.

బేరిగైలో మాత్రం నంజప్పకు కొన్నాళ్ళు కష్టమైంది. పోస్టరు చూసి వచ్చినవాళ్ళందరూ ఆయన చెవి దగ్గరికి వచ్చి అరిచి మాట్లాడుతున్నారు. రాజప్ప రోడ్డు అవతలినుంచి చేతులు ఊపి సైగలు చేస్తున్నాడు. "నాకు బాగానే వినబడుతుందప్పా!" అని నంజప్ప చెప్పినకొద్దీ జనం జాలిగా తల ఊపి, ఇంకా గట్టిగా అరుస్తున్నారు. నెల రోజులు పోట్లాడి, ఆ తరువాత ఆయన పోట్లాట మానేశాడు.

ఇప్పుడు కెంచమ్మ ఆవులకు గడ్డి కోసుకురమ్మని పిలిచినప్పుడు మాత్రం, నంజప్పకు నిజంగానే వినబడదు.